రెండువందల నాలుగో పేరు

నవంబరు, రెండో మంగళవారం. మబ్బు, తూర్పుగాలి. పొద్దున్నే గులాబీ మడికి నీళ్లు పెట్టాను. చిరిగిన షేడ్ నెట్ కట్టాను.

ఆ రోజు నా పుస్తకంలో ఉన్నది ఇంతే. నేను నర్సరీలో గుమస్తాని. ఏ మడికి నీళ్లు పెట్టాం, ఎన్ని అంట్లు కట్టాం, వాన పడిందా లేదా, ఇవన్నీ రోజూ రాయడం నా పని. ఇరవై ఆరేళ్లలో ఏ రోజునీ సగంలో వదిలిపెట్టలేదు. ఆ మంగళవారం వదిలేశాను. ఆ ఉదయం మా పక్కింటి అక్కయ్యగారు చనిపోయారు.

ఇది రాసేసరికి పదకొండు రోజులైంది. ఇంకా ఆ పేజీలో ఆ మాట రాయలేకపోయాను. ఆవిడ గురించి సంఘ పత్రికకి నాలుగు మాటలు రాసిమ్మని పాస్టరుగారు అడిగారు. ఆవిడకి దగ్గర నేనేనని ఆయన ఉద్దేశం. దగ్గరంటే, ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య నడుం ఎత్తు గోడ ఒకటుంది. పద్దెనిమిదేళ్లు మా పరిచయమంతా ఆ గోడ మీదుగానే జరిగింది.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఆవిడ నన్ను తమ్ముడూ అనేవారు, నేను అక్కయ్యగారూ అనేవాణ్ణి. చాలా ఏళ్లు రాజమహేంద్రవరంలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి, మోకాళ్లు సహకరించక సొంత ఊరు వచ్చేశారు. భర్త ఎప్పుడో పోయారు. కూతురు జంగారెడ్డిగూడెంలో ఉంటుంది. ఆవిడ చక్కగా చదివేవారు గానీ రాయడం అలవాటు లేదు. సంతకం పెట్టడానికే పేపరు నలిగిపోయేది.

ఆ మంగళవారం ఆరున్నరకి, రోజూలాగే గోడ దగ్గర నిలబడి ఒక పేరు చదివాను. వంటింట్లోంచి రోజూలాగే "ఆఁ" అన్నారు. నేను నర్సరీకి వెళ్లిపోయాను. మా నర్సరీ రోడ్డు దాటితే చాలు. గులాబీలకి నీళ్లు పెట్టి, నెట్ కట్టి, కళ్లజోడు మరిచిపోయానని ఏడు దాటాక ఇంటికి వచ్చాను. ఆవిడ వంటింటి తలుపు తెరిచే ఉంది. పొగ లేదు, గ్యాసు చప్పుడు లేదు. పీట మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఎదురుగా తపేలాలో కొలిచిన బియ్యం. కునుకు పట్టిందనుకున్నాను. మూడుసార్లు పిలిచాను.

మాకు దగ్గర్లోనే ఉండే నర్సమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. అప్పుడు గమనించాను. అక్కయ్యగారి కుడి చెయ్యి పిడికిలి బిగించి ఉంది. వేళ్ల సందుల్లోంచి రెండు బియ్యపు గింజలు కనిపిస్తున్నాయి.

ఆ పిడికిలి సంగతి మీలో చాలామందికి తెలుసు. మన సంఘంలో అమ్మగార్లు అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలకోసారి ఆ డబ్బా గుడికి వస్తుంది. అక్కయ్యగారి డబ్బా పాలపొడి డబ్బా, నీలం మూత. మిగతావాళ్ల డబ్బాలకీ ఆవిడ డబ్బాకీ తేడా ఏంటంటే, ఆవిడ తీసే ప్రతి పిడికెడుకీ ఒక మనిషి పేరు ఉండేది. బియ్యం పిడికిట్లో పట్టుకుని, కళ్లు మూసుకుని, ఆ మనిషి కోసం ప్రార్థన చేసి, అప్పుడు డబ్బాలో వేసేవారు. రోజుకి ఒకే పేరు. ఆవిడ పొద్దున ఒక్కసారే వండుకునేవారు మరి.

ఈ అలవాటు ఎలా మొదలైందో ఒకసారి నాకు చెప్పారు. ఇది ఎవరికీ చెప్పొద్దని అనలేదు కాబట్టి రాస్తున్నాను. హాస్టల్లో పదో తరగతి పిల్ల ఒకతి ఏడుస్తూ వచ్చి, మా నాన్నకి ఆపరేషనంట ఆంటీ, ప్రార్థన చెయ్యండి అని అడిగింది. ఈవిడ పప్పు కలుపుతూ, చేస్తాలే అమ్మా, ఏడవకు అన్నారు. పిల్ల ఊరెళ్లింది. ఈవిడ మరిచిపోయారు. నలభైమందికి వంట, మరుపు వింతేం కాదు. రెండు వారాల తరవాత పిల్ల తిరిగి వచ్చింది. తండ్రి పోయాడు. వచ్చీ రాగానే వంటగదికి వచ్చి ఈవిడ చెయ్యి పట్టుకుని, మీరు చేస్తున్నారన్న ధైర్యంతోనే అక్కడ నిలబడగలిగాను ఆంటీ అందట.

"దాని కళ్లలోకి చూడలేకపోయాను తమ్ముడూ. చెయ్యలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఊఁ అన్నాను. అది ఇంకో అబద్ధం."

ఆ సాయంత్రం బియ్యం కొలుస్తూ పిడికెడు తీసినప్పుడు ఆ పిల్ల పేరు చెప్పారు. మరిచిపోతామని భయమున్న పనిని, ఎన్నడూ మరవని పనికి ముడేయాలని అప్పుడే తెలిసిందట. అన్నం వండడం మరిచిపోయే మనిషి ఎవరుంటారు?

అప్పటినుంచి ఆవిడ ఎవరికీ "ప్రార్థన చేస్తాలే" అనే మాట ఊరికే అనలేదు. ఎవరైనా అడిగితే "నీ పేరు చెప్పు" అనేవారు. హాస్టల్ రోజుల్లో ఆ పేరు మర్నాటి పిడికిట్లోకే వచ్చేది.

మా ఊరు వచ్చాక పేర్లు పెరిగిపోయాయి. అరవై దాకా గుర్తు పెట్టుకోగలిగారు. తరవాత తడబాటు మొదలైంది. ఒకరోజు గోడ దగ్గరికి వచ్చి, నర్సరీ లెక్కలన్నీ రాస్తావుగా, నా పేర్లు కూడా రాసిపెట్టు అన్నారు. నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఎరువుల బస్తాల మీద అక్షరాలు, మందు డబ్బాల మీద కాగితాలు చదివి రాయడం నేర్చుకున్నాను. ఎవరైనా నన్ను రాయమని అడిగితే ఇప్పటికీ లోపల కొంచెం గర్వం. ఒక కొత్త నోటుబుక్కు కొన్నాను. గళ్లు గీశాను. వరస నంబరు, పేరు, ఏం కావాలి. మూడో గడి చూసి ఆవిడ నవ్వారు.

"ఏం కావాలో ఆయనకి తెలీదా ఏంటి? పేరు రాయి చాలు. మహా అయితే మోకాలో, కడుపో, ఒక ముక్క రాయి."

ఆవిడ ప్రార్థన నిజంగా అంతే ఉండేది. గోడ ఇవతల నుంచి చాలాసార్లు విన్నాను. "ప్రభువా, సూరిబాబు. మోకాలు." ఆ తరవాత చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. ఆ తరవాత డబ్బాలో బియ్యం పడిన చప్పుడు. ఆ మధ్యలో ఏం జరిగేదో నాకు తెలియదు. నేను ఎన్నడూ అడగలేదు.

నాకు నలుగురిలో ప్రార్థన చేయడం రాదు. ఒంటరిగా కూడా రాదు. కూటాల్లో వరసగా ఒక్కొక్కరూ ప్రార్థన చేస్తుంటే నా వంతు వచ్చేసరికి నేను దగ్గుతాను, పక్కాయన అందుకుంటాడు. ఇది సంఘంలో అందరికీ తెలిసిన సంగతే. అక్కయ్యగారు దీనిమీద నన్ను ఆటపట్టించేవారు. నీకు చెయ్యే ఉంది, నోరు మర్చిపోయి పంపించాడు దేవుడు అనేవారు. పుస్తకం నా దగ్గరే ఉండేది కాబట్టి రోజూ పొద్దున నేను పేరు చదువుతాను, ఆవిడ ప్రార్థిస్తారు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని అవుతుందని నేను సరిపెట్టుకున్నాను. ఇన్నేళ్లూ అలా సరిపోయింది.

పుస్తకానికి ఆవిడే కొన్ని నియమాలు పెట్టారు. ఎవరి కోసం చేస్తున్నామో ఆ మనిషికి చెప్పకూడదు. కొత్త పేరు ఎప్పుడూ చివర్నే రాయాలి. చివరికి వచ్చాక మళ్లీ మొదటి నుంచి. ఆసుపత్రిలో ఉన్నవాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు, వీళ్లు మాత్రం వరస దాటి ముందుకు రావచ్చు. ఎవరైనా చనిపోతే ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత పెట్టాలి. పోయినవాళ్ల కోసం మనం ప్రార్థన చేయం. వాళ్లు ఆయన దగ్గరే ఉన్నారు, మన సిఫార్సు దేనికి అని ఆవిడ అనేవారు.

మొదటి ఎర్ర గీత నా భార్యది. నేనే పెట్టాను. స్కేలు పెట్టి తిన్నగా గీశాను. గోడ అవతల నిలబడి ఆవిడ అంతా చూశారు. గీత ఆరాక, ఆ కిందే నీ పేరు రాయి అన్నారు. కొత్త పేరు చివర్న కదండీ అన్నాను. ఆవిడ నా వైపు చూసి మెల్లగా అన్నారు.

"నువ్వు ఇప్పుడు ఆసుపత్రిలోనే ఉన్నావు తమ్ముడూ."

రాశాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఆ పుస్తకంలో మన సంఘంవాళ్లు సగం కూడా ఉండరు. ఊళ్లో అన్ని వీధులవాళ్లూ ఉన్నారు. ఆత్రేయపురం నుంచి సైకిల్ మీద పూతరేకులు తెచ్చి అమ్మే ఆయన ఉన్నాడు. ఒక బస్సు కండక్టరు ఉన్నాడు. అతను ఈవిడ దిగాల్సిన చోట బస్సు ఆపకుండా, బియ్యం సంచితో సహా అర కిలోమీటరు అవతల దింపాడు. పైగా ముసల్దానికి బస్సెందుకు అన్నాడు. ఈవిడ దిగి, సంచి కింద పెట్టి, నీ పేరేంటి నాయనా అని అడిగారు.

"ఎందుకండీ? కంప్లైంటిస్తారా?"

"ఇస్తాను. పెద్దాఫీసులోనే ఇస్తాను."

అతను భయపడి పేరు చెప్పాడు. అతని నంబరు ఎనభై ఎనిమిది. ఏడాదికి ఒకసారో రెండుసార్లో అతని వంతు వచ్చేది. వచ్చిన వారంలో ఈవిడ పనిగట్టుకుని ఆ బస్సు ఎక్కేవారు. ఎవరి కోసం ప్రార్థన చేసినా తరవాత వాళ్లని వెళ్లి పలకరించడం ఆవిడ అలవాటు. ఒక మనిషి గురించి దేవుడితో మాట్లాడి, ఆ మనిషితో మాట్లాడకపోతే ఎలా అనేవారు. చివరికి ఆ కండక్టరు ఈవిడ సంచి తనే దింపే దాకా వచ్చింది. కారణం అతనికి ఇప్పటికీ తెలియదు.

నాకు నచ్చని పేర్లు కూడా ఉండేవి. ఆవిడ పెరటి వెనక చేను ఉన్న వెంకట్రాజుగారి పేరు అలాంటిది. ఆయన ట్రాక్టరు గట్టు తొక్కేస్తే మురుగునీళ్లు ఈవిడ పెరట్లోకి వచ్చేవి. ఈవిడ అడగడానికి వెళ్తే, అందరి ముందూ ఒక మాట అన్నారాయన. ఆ మాట నేను ఇక్కడ రాయను. ఆ సాయంత్రమే ఈవిడ నా దగ్గరికి వచ్చి ఆ పేరు రాయమన్నారు. నేను కలం తీయలేదు. ఈయనకి కూడానా అన్నాను. అడిగినవాళ్లకి ఎవరైనా చేస్తారు తమ్ముడూ, అడగనివాళ్లకే ఎవరూ ఉండరు అన్నారు. అరవై మూడో నంబరులో ఒక పేరు మీద ఎర్ర గీత పడి ఆ గడి ఖాళీగా ఉంది. కొత్త పేరు చివర్నే అన్న నియమం పక్కనపెట్టి అక్కడ రాయమన్నారు. రాశాను. పదకొండేళ్లయింది.

ఇక ఆ సోమవారం సాయంత్రం సంగతి. ఆవిడ పోవడానికి ముందు రోజు.

నేను పెరట్లో కూర్చుని కనకాంబరం నారు ఏరుతున్నాను. అల్పపీడనం అని రేడియోలో చెబుతున్నారు, ఆ లోపల కవర్లలోకి మార్చాలి. అక్కయ్యగారు గోడ దగ్గరికి వచ్చారు. ముందు వారంలో ఒకరోజు పనుందని రాజమహేంద్రవరం వెళ్లి వచ్చారు, కొంచెం నీరసంగా కనిపించారు. ప్రయాణం బడలిక అనుకున్నాను.

"తమ్ముడూ, ఒక పేరు రాయాలి. నాది."

నాకు నవ్వొచ్చింది. పద్దెనిమిదేళ్లలో ఆవిడ తన పేరు ఎన్నడూ రాయించలేదు. ఒంట్లో బాలేదా అక్కయ్యగారూ అని అడిగాను. బానే ఉంది, ఊరికే అన్నారు. మీ కోసం మీరే చేసుకుంటారా ఏంటండీ అన్నాను.

"చదివేవాడివి నువ్వున్నావుగా. ఆ ఒక్క రోజు చేసేదీ నువ్వే."

చేతులు కడుక్కుని పుస్తకం తెచ్చాను. చివరి పేరు రెండువందల మూడు. దాని కింద రెండువందల నాలుగు వేసి ఆవిడ పేరు రాశాను. ఆ రోజు మేం అరవై రెండు దగ్గరున్నాం. వేళ్ల మీద లెక్కేశాను. ఎంత తొందరగా లెక్క వేశానో ఇప్పటికీ గుర్తుంది.

"ఏప్రిల్ మొదటి వారంలో వస్తుందండి మీ వంతు. అందరిలాగే వరసలో రావాలి మరి."

ఆవిడ కూడా నవ్వారు. "రూలు రూలే మరి. అప్పటిదాకా నోరు తెరవడం నేర్చుకో అయితే" అని, గోడ పట్టుకుని మెల్లగా తిరిగి లోపలికి వెళ్లిపోయారు. గోడ పట్టుకుని ఎందుకు తిరిగారని నాకు తట్టలేదు. నారు చూస్తున్నాను.

తెల్లవారి ఆరున్నరకి అరవై మూడు చదివాను. వెంకట్రాజుగారు. ఆవిడ "ఆఁ" అన్నారు. డబ్బాలో బియ్యం పడిన చప్పుడు నాకు వినపడలేదు. వినపడలేదన్న సంగతి గులాబీలకి నీళ్లు పెడుతుంటే ఒకసారి మనసులో మెదిలింది కూడా. ప్రార్థన ఇంకా అవలేదేమో అనుకున్నాను.

వీధి ఆడవాళ్లు స్నానం చేయించేటప్పుడు ఆ పిడికిలి తెరవవలసి వచ్చింది. తెరిచారు. ఆ బియ్యం ఎక్కడ పొయ్యాలో వాళ్లకి తెలియలేదు. బయట ఉన్న నన్ను పిలిచారు. దోసిలి పట్టాను. నాకూ తెలియలేదు. చొక్కా జేబులో పోసుకున్నాను. ఆ రోజంతా, సమాధుల దొడ్డి దాకా, ఆ బియ్యం నా జేబులోనే ఉన్నాయి.

సమాధి దగ్గర చాలామంది వచ్చారు. వాళ్లలో సగంమంది ఎందుకొచ్చారో వాళ్లకే సరిగ్గా తెలిసినట్టు లేదు. మా ఇంటికొచ్చి పలకరించేది, ఆవిడ ఉత్తి పుణ్యానికి వచ్చేది అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. కండక్టరు యూనిఫాంలోనే వచ్చాడు. అంతా అయ్యాక అందరూ వెళ్తుంటే వెంకట్రాజుగారు నా పక్కకి వచ్చారు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నారు. పుస్తకం సంగతి ఊళ్లో కొంత తెలుసనుకుంటాను, ఆయన కూడా విన్నట్టున్నారు.

"గుమస్తాగారూ, ఒక మాట. ఆ పుస్తకంలో నా పేరు ఉందాండి?"

చెప్పకూడదన్నది ఆవిడ నియమం. కానీ జేబులో ఆ బియ్యం పెట్టుకుని లేదని చెప్పలేకపోయాను. ఉందండి, పదకొండేళ్లుగా ఉంది అన్నాను. ఈ రోజు మీ వంతే అని కూడా అనేశాను. పిడికిలి సంగతి చెప్పాను.

ఆయన పక్కనున్న సమాధి గట్టు మీద కూర్చుండిపోయారు. ఆవిణ్ణి నేనేమన్నానో మీకు తెలుసుగా అన్నారు. తెలుసండి అన్నాను. ఆయన తల ఊపి, తలగుడ్డ మడతపెడుతూ, మామూలుగా, ఏదో దారి అడిగినట్టు అడిగారు.

"మరి ఆవిడ కోసం ఎవరు చేశారండి?"

ఆయన నేను చెబుతానని కాసేపు చూసి, లేచి వెళ్లిపోయారు.

ఆయన మన మతం కాదు. అయినా, మన సంఘంలో ఇంతమందిమి ఉన్నాం, పద్దెనిమిదేళ్లుగా ఆవిడ డబ్బా చూస్తున్నాం, ఆ ప్రశ్న మనలో ఒక్కరికీ తట్టలేదు. మీకు తట్టలేదని అనడం లేదు. నాకు తట్టలేదు. పైగా, ఆవిడ తనంతట తానే వచ్చి అడిగితే, ఏప్రిల్ అని చెప్పాను.

పాస్టరుగారికి జరిగింది చెప్పాను. ఇప్పుడు చేస్తే తప్పా అని అడిగాను. ఆయన మంచివారు, కసురుకోలేదు. ఆవిడ కోసం అడగడానికి ఇక ఏమీ మిగల్లేదు గుమస్తాగారూ, ఆవిడకి అన్నీ దొరికాయి, మనం ఆవిడ గురించి స్తోత్రం చెల్లించవచ్చు అన్నారు. అది నిజమే. నేను కాదనను. కానీ నా బాధ ఆవిడకి ఇప్పుడేం కావాలన్నది కాదు. సోమవారం సాయంత్రం ఆవిడకి ఏదో కావలసి వచ్చింది. అది నా దగ్గరే ఉందనుకుని వచ్చారు. నేను వరస చూశాను.

ఎనిమిదో రోజున, అంటే బుధవారం, కూతురు ఇల్లు సర్దుతోంది. గోడ మీదుగా నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చింది. అమ్మ బైబిలు అట్టలో ఉంది, ఇదేంటో చూడండి మామయ్యగారూ అంది. రాజమహేంద్రవరంలో ఒక డాక్టరు రాసిన చీటీ. గుండె పరీక్ష చేశారు. వెంటనే ఆసుపత్రిలో చేరాలని రాసి ఉంది. తేదీ ఆవిడ ఊరెళ్లొచ్చిన రోజుదే. ఎందుకు చేరలేదో, ఎవరికీ ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. కూతురికీ తెలియదు. ఒకటి మాత్రం తెలిసింది. ఆసుపత్రిలో ఉన్నవాళ్లు వరస దాటి ముందుకు రావచ్చని నియమం పెట్టింది ఆవిడే. నేను ఏప్రిల్ అన్నప్పుడు ఆవిడ ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. రూలు రూలే మరి అని నవ్వారు. నా భార్య పోయిన రోజు, నాకు జ్వరం కూడా లేకపోయినా, నన్ను ఆసుపత్రిలో ఉన్నవాడి కింద లెక్కేసి ముందుకి రాయించారు.

చీటీ తిరిగి ఇచ్చాను. కూతురు దాన్ని మళ్లీ బైబిలు అట్టలో పెట్టింది. అమ్మ చీరలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అడిగింది. "అమ్మ పుస్తకంలో నా పేరు ఉందా మామయ్యగారూ?"

లేదమ్మా అన్నాను. సొంతవాళ్ల పేర్లు రాయించలేదు. నిద్ర లేవగానే నీ పేరే అనుకునేవారట, దానికి వరస అక్కర్లేదనేవారు అని చెప్పాను. ఆ పిల్ల ఆ చీర మడత విప్పి మళ్లీ మొదటినుంచి పెట్టింది.

"అయితే పోయిన వారం నుంచి నా పేరు అనేవాళ్లు ఎవరూ లేరన్నమాట."

ఫిర్యాదుగా అనలేదు. ఉన్న సంగతి అన్నట్టే అంది. నేను లోపలికి వచ్చేశాను.

మర్నాడు గురువారం. కూతురు పొద్దుటి బస్సుకి బయలుదేరుతోంది. నీలం మూత డబ్బా నాకిచ్చేసింది, గుడికి చేర్చమని. ఆరున్నరకి నేను పుస్తకం తీశాను. వారం పైగా తీయలేదు. తరవాతి నంబరు అరవై నాలుగు. నేను అరవై నాలుగు చదవలేదు. అరవై మూడుకీ అరవై నాలుగుకీ మధ్య ఉన్న సందులో, చిన్న అక్షరాలతో, నంబరు లేకుండా కూతురి పేరు రాశాను. నేను ఎన్నడూ రెండు గళ్ల మధ్య రాయలేదు. చూడ్డానికి బాగోలేదు. అలాగే ఉంచాను.

చొక్కా జేబులోంచి తీసి టీ గ్లాసులో పెట్టిన ఆ బియ్యం ముందు తీసుకున్నాను. వెంకట్రాజుగారు అని పేరు చెప్పి డబ్బాలో పోశాను. ఆ రోజు ఆవిడ ప్రార్థన అయిందో లేదో తెలియదు కాబట్టి, అవలేదనే అనుకుని చేశాను. తరవాత నా అన్నానికి బియ్యం కొలిచి, పిడికెడు తీసి, అలవాటు కొద్దీ గోడ దగ్గరికి వెళ్లి పైకే చదివాను. కూతురి పేరు.

"ఆఁ" అని వినిపించింది, ఆ వంటింట్లోంచే.

మరుక్షణం ఆ పిల్ల కిటికీలోంచి తొంగి చూసి, పిలిచారా మామయ్యగారూ అంది. తల్లి గొంతే. ఇన్నేళ్లూ నేను గమనించలేదు.

ఏం లేదమ్మా, నీ పని చూసుకో అన్నాను. ఎవరి కోసం చేస్తున్నామో ఆ మనిషికి చెప్పకూడదు. గోడ కింద కూర్చున్నాను. ప్రభువా అన్నాను, ఆ పిల్ల పేరు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆ తరవాత ఏం అనాలో తెలియక ఊరుకున్నాను. చాలాసేపు ఊరుకున్నాను. అక్కయ్యగారికి ఆ మధ్యలో ఏం జరిగేదో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ ఆ ఊరుకోవడం ఖాళీ కాదని మాత్రం తెలిసింది. అవతల ఆ పిల్ల సంచీ జిప్పు వేసుకుంటున్న చప్పుడు, తలుపుకి తాళం వేసిన చప్పుడు, గేటు చప్పుడు. అప్పుడు పిడికిలి తెరిచాను.

రెండువందల నాలుగు మీద ఎర్ర గీత పెట్టలేదు. పోయినవాళ్ల పేరు మీద గీత పెట్టడం నియమం. వంతు రాని పేరు మీద గీత ఎలా పెట్టాలో ఆవిడ చెప్పలేదు. ఏప్రిల్ మధ్యకి జరిగిన ఆ రోజు రానే వస్తుంది. ఆ రోజు ఏం చదవాలో, ఏం అనాలో పాస్టరుగారు చెప్పినట్టే చేస్తాను. ఎవరైనా తమ పేరు రాయమని వస్తే ఏం కావాలని అడగను, ఒంట్లో ఎలా ఉందని అడగను, వచ్చారు కాబట్టి రేపటికే రాస్తాను.

నా పుస్తకం ఇవాళ మళ్లీ తెరిచాను. ఆ మంగళవారం పేజీ అలాగే వదిలి, పక్క పేజీ నుంచి మొదలుపెట్టాను.

శనివారం. ఎండ. మబ్బు విడిపోయింది. కనకాంబరం నారు కవర్లలోకి మార్చడం అయింది. మల్లె అంట్లు విప్పాలి. ఆరున్నరకి అరవై ఐదో పేరు చదివాను. సోలెడు బియ్యం కొలిచి, పిడికెడు తీసుకుని, పిడికిలి మూసి, గోడ వైపు తిరిగి ప్రభువా అన్నాను, ఆ పేరు అన్నాను.